నాలుకకంటిన రాయి

చిక్కడపల్లి,
18 జనవరి 1995

ప్రియమైన తమ్ముడు దుర్గయ్యకు,

నీ అన్న ఎల్లేశం రాస్తున్న ఉత్తరం. నేను బాగున్నాను. మీ వదిన కిష్టమ్మ నన్నూ నా రాళ్లనూ తిడుతూ బాగానే ఉంది. మంచం కింద డాల్డా డబ్బాలు పదకొండు అయ్యాయి. ఊడ్చినప్పుడల్లా చీపురు డబ్బాలకు తగులుతుంది, ఆమె నోరు లేస్తుంది. ముప్పై ఏళ్లుగా ఏరిన పెంటరాళ్లు అవి. ఎవరి కోసమూ పారేయను.

అసలు సంగతి రాస్తాను. ధర్మారావు బతికే ఉన్నాడు. పింఛను తీసుకుంటూ ఇక్కడే, అశోక్ నగర్‌లో, నా ఇంటికి పావుగంట నడకలో ఉన్నాడట. మొన్న హోటల్లో పేపరు చూశాను. కూడబలుక్కుని చదివాను కానీ మొత్తం చదివాను. మార్చిలో నారాయణగూడలో ఒక బడి హాలులో రాళ్ల ప్రదర్శన పెడుతున్నారట. రాళ్లు పోగుచేసే వాళ్లెవరైనా తమ రాయి తేవచ్చు. ధర్మారావు నాలుకకు ఆనించి, అది కోట్ల ఏళ్ల కిందటిదో ఉత్త రాయో మైకులో చెబుతాడట. అసలుదైతే నాలుకకు అంటుకుంటుంది కదా. ‘నాలుకతో కాలాన్ని చదివే పండితుడు’ అని రాశారు. చదివి చాయ్ గ్లాసు వదిలేసి లేచాను.

అరవై మూడులో మీ ఊరి పక్క సర్వే క్యాంపు నీకు గుర్తుండాలి, మనం అన్నా తమ్మీ అని పిలుచుకోవడం మొదలైంది అక్కడే. నువ్వు కుండలతో నీళ్లు తెచ్చేవాడివి, నేను సామాను మోసే ఖలాసీని. ఎర్రమన్ను బీడులో మెలి తిరిగిన రాయి దొరికితే తెచ్చి, ఇది పెంట సారూ, జంతువుది, రాయైపోయింది అన్నాను. గొర్ల వెనక పెరిగినవాణ్ని, పెంట ఆకారం నాకు తెలియదా. ఒక కొస మొండిగా, ఒక కొస సన్నగా ఉంది. ధర్మారావు అప్పుడు కొత్త ఆఫీసరు. కుర్చీలో కూర్చుని, క్యాంపంతా వినేట్టు, “అయితే నాకి చెప్పు ఎల్లేశం, ఎవరి పెంటో” అన్నాడు. నాకాను. నాలుకకు అంటుకుంది. అంటుకుంది సారూ అన్నాను. క్యాంపంతా పడి పడి నవ్వింది. ఆ పూట నుంచి నా పేరు పెంట ఎల్లేశం. రిటైరైన రోజు నాకు దండ వేసినవాడు కూడా ఆ పేరుతోనే పిలిచాడు. రెండేళ్లకు ఆ రాయి ఫోటో వాడి పుస్తకంలో వచ్చింది. మొదట గుర్తించినది ధర్మారావు అని కింద రాసి ఉందని ఆఫీసు గుమాస్తా చదివి చెప్పాడు. నా పేరు ఎక్కడా లేదు.

నువ్వు కుమ్మరివి. మీ ఎర్రమన్నులో బర్రె పేడ కలిపి, పిడికిలంత ముద్ద, మెలి తిప్పి చేసి పంపు. కాల్చకు. నీడన ఎండబెట్టు. పచ్చి మట్టి నాలుకకు అంటుకుంటుంది, అసలు రాయిలాగే. వాడు మైకులో అసలుదే అనగానే నీళ్ల బకెట్లో వేస్తాను. వాడు నాకినదేమిటో నారాయణగూడ అంతా వాసన చూస్తుంది.

కాదనకు.

ఇట్లు,
నీ అన్న
ఎల్లేశం


ఆసిఫాబాద్ పక్క నుంచి,
16 ఫిబ్రవరి 1995

పూజ్యులైన ఎల్లేశం అన్నకు,

తమ్ముడు దుర్గయ్య దండాలు. నేను చెబుతుంటే మా కోడలు కుసుమ రాస్తోంది. నీ ఉత్తరం చదివి వినిపించి, ఆ అమ్మాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి పోయి నవ్వి వచ్చింది. తప్పుగా అనుకోకు.

నాకు మోకాళ్లు పట్టేశాయి. సారె తిప్పడం మానేసి మూడేళ్లయింది. ఇప్పుడు ఊళ్లో అందరూ స్టీలు బిందెలే కొంటున్నారు. అయినా నువ్వు అడిగినందుకు కూర్చున్నాను. మన్ను వాగు దగ్గరి నుంచే తెప్పించాను. పేడ మా బర్రెదే. పేడ ఎక్కువైతే ఆకారం నిలవదు, తక్కువైతే వాసన రాదు. ఆ లెక్క కుదరడానికి ఇన్ని రోజులు పట్టింది.

బస్సు డ్రైవర్ మాసయ్య చేతికి బెల్లం డబ్బా ఇచ్చి పంపుతున్నాను. అందులో చిన్నవి రెండు, పెద్దది ఒకటి ఉన్నాయి. చిన్నది ఒకటి నీళ్లలో వేసి పరీక్ష చేసుకో. పెద్దదాన్ని మాత్రం ముట్టుకోకు. తడి గుడ్డ కూడా తగలనీయకు. ప్రదర్శన రోజే విప్పు. ఇది గట్టిగా చెబుతున్నాను.

ఒక మాట అన్నా. ఆ రోజు క్యాంపులో అందరూ నవ్వారని రాశావు. అందరిలో నేనూ ఉన్నాను. కావడి దింపి మరీ నవ్వాను. నువ్వు అప్పుడు నా వైపు చూడలేదు కాబట్టి నీకు తెలియదు. ఆ పాపానికే ఈ ముద్దలు చేశాననుకో.

వదినకు దండాలు చెప్పు.

ఇట్లు,
నీ తమ్ముడు
దుర్గయ్య


చిక్కడపల్లి,
27 ఫిబ్రవరి 1995

ప్రియమైన తమ్ముడు దుర్గయ్యకు,

డబ్బా అందింది. నువ్వు నవ్వావని నాకు తెలుసు. నీ నవ్వు ఊరవతలికి వినబడేది. ఆ సంగతి మళ్లీ ఎత్తకు.

చిన్నదాన్ని వెంటనే బకెట్లో వేశాను. వంద లెక్కపెట్టేలోపు ఎర్రగా విచ్చుకుంది. గడ్డిపోచలు పైకి తేలాయి. వాసన వంటింటి దాకా పోయింది. కిష్టమ్మ బకెట్ తీసుకుపోయి మోరీలో కుమ్మరించి, “ముసలితనంల ఇదేం రోగమయ్యా నీకు” అంది. నాకు మాత్రం ముప్పై రెండేళ్ల తర్వాత ఆకలి వేసింది. రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను. రెండో చిన్నది డాల్డా డబ్బాలో దాచాను. పెద్దది విప్పి చూశాను, నీళ్లు తగలనీయలేదు. నీ చేతిలో పని ఇంకా ఉంది తమ్మీ. ఆ మెలిక, ఆ కొసన చిటికె పట్టినట్టు సన్నబడటం, బరువుతో సహా కుదిరింది. నన్నే మోసం చేసేట్టుంది.

నిన్న అశోక్ నగర్ వెళ్లి వాడి ఇల్లు చూసి వచ్చాను. శత్రువు మొహం ఒకసారి చూసుకోవాలి కదా. వాడి భార్య రాజకుమారి తలుపు తీసింది. మంచి మనిషి, చాయ్ ఇచ్చింది. వాడు ముందు గుర్తుపట్టలేదు. నేను అద్దాల బీరువా ముందు నిలబడ్డాను. పై అరలో నా రాయి ఉంది. నా రాయి, దుర్గయ్యా. కింద అట్టముక్క మీద వాడి పేరు, వాడి సంతకం. ప్రతి రాయికీ అలాంటి చీటీ ఒకటి ఉంది. చీటీ మీద పేరు రాసి వాడు సంతకం పెడితే ఇక అది ఎవరూ మార్చరట. పట్నంలో ఈ రాళ్లవాళ్లందరూ వాడి చీటీనే నమ్ముతారు. నేనెవరో తెలియకుండానే నాకు అదంతా గొప్పగా చెబుతున్నాడు. అప్పుడు నా మొహంలోకి చూసి గుర్తుపట్టి, “అరె, పెంట ఎల్లేశం గదా” అన్నాడు. ప్రేమగానే అన్నాడు. ఆమె నవ్వు ఆపుకుంది.

తిట్టి అని ఉంటే కొంత క్షమించేవాణ్నేమో. ప్రేమగా అన్నాడు చూడు, అందుకు క్షమించను.

మార్చి పన్నెండు, ఆదివారం. బకెట్ తోమి పెట్టుకున్నాను.

ఇట్లు,
నీ అన్న
ఎల్లేశం


చిక్కడపల్లి,
13 మార్చి 1995

ప్రియమైన తమ్ముడు దుర్గయ్యకు,

నిన్న జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. చదివేటప్పుడు కుసుమను పక్కన కూర్చోనీయకు. నీ అంతట నువ్వే కూడబలుక్కో.

హాలు నిండా జనం. కాలేజీ పిల్లలు, పంతుళ్లు, పేపరువాళ్లు. నా వంతు వచ్చేసరికి పది రాళ్లు అయిపోయాయి. వాడు ఒక్కొక్కటి నాలుకకు ఆనించి చెబుతున్నాడు, జనం చప్పట్లు కొడుతున్నారు. నేను పెద్దముద్ద బల్ల మీద పెట్టాను. బకెట్ కాళ్ల దగ్గర ఉంది. వాడు చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. కళ్లజోడు పైకెత్తి చూశాడు. పెదాల దాకా తీసుకుపోయాడు. నా గుండె చప్పుడు మైకులో వినబడుతుందేమో అనుకున్నాను.

అక్కడ ఆగి, జనం వైపు తిరిగి, “ఈ విద్యల నాకంటె పెద్దోడు ఇక్కడే ఉన్నడు. మా క్యాంపుల ఈయన పేరు పెంట ఎల్లేశం. రా ఎల్లేశం, నువ్వే నాకి చెప్పు” అన్నాడు.

హాలు నవ్వింది. అరవై మూడులో నవ్వినంత నవ్వూ నవ్వింది. ముద్ద నా చేతిలో పెట్టాడు, మైకు నా మూతి దగ్గర పెట్టాడు.

ఏం చేయను, చెప్పు. ఇది పేడ అంటే, పేడ తెచ్చినవాణ్ని నేనే. నాకను అంటే నా నాలుకకు ధైర్యం లేదంటారు. నాకాను, దుర్గయ్యా. వాడి మాట మీద రెండోసారి. అంటుకుంది. రుచి ఏమీ తెలియలేదు. నోరంతా కోపమే ఉంది. అసలుదే అన్నాను. వాడు కూడా తలూపి, ఇంత పెద్దది, ఇంత పూర్తిగా ఉన్నది ఈ ప్రాంతంలో తాను చూడలేదని మైకులో చెప్పాడు. చూపుతోనే చెప్పాడు, నాలుక పెట్టలేదు.

ఇక బకెట్లో వేస్తే నవ్వులపాలయ్యేది నేను. కాలితో బకెట్ బల్ల కిందికి నెట్టాను. అప్పుడు ఒక ఆలోచన వచ్చింది. ఇది మీ బీరువాలో ఉంచుకోండి సారూ, మీకే ఇస్తున్నాను అన్నాను. వాడు నిజంగా పొంగిపోయాడు. అందరి ముందు అట్టముక్క తీసి, దీని మీద ఎల్లేశం పేరు రాస్తాను, కనుగొన్నది ఆయన కదా అన్నాడు. నేను మైకు పట్టుకుని, “నా పేరొద్దు సారు. మీ పేరే రాయండి” అన్నాను. రెండుసార్లు అన్నాను. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఎంత పెద్ద మనసు అన్నారు. ఒకాయన నా కాళ్లకు దండం పెట్టాడు. వాడు తన పేరు రాసుకుని సంతకం పెట్టాడు.

ఇప్పుడు నీ బర్రె పేడ వాడి బీరువాలో, వాడి పేరు కింద, మెత్తటి దూది మీద ఉంది. వానాకాలం రానీ. చెమ్మ తగిలి, ముద్ద విచ్చి, ఇల్లంతా కంపు కొట్టి, వచ్చిన ప్రతివాడూ ముక్కు మూసుకుని ఆ చీటీ చదవాలి. అప్పటిదాకా ఆగుతాను. ముప్పై రెండేళ్లు ఆగినవాడికి నాలుగు నెలలు ఎంత.

ఇట్లు,
నీ అన్న
ఎల్లేశం


చిక్కడపల్లి,
24 జులై 1995

దుర్గయ్యకు,

మార్చి ఉత్తరానికి నీ జవాబు రాలేదు. ఏప్రిల్‌లో కార్డు రాశాను, దానికీ లేదు. మోకాళ్లు పట్టేస్తే చేతులు కూడా పట్టేస్తాయా?

ఇక్కడ తొమ్మిది రోజులుగా ముసురు. మా గోడలకు బూజు పట్టింది. కిష్టమ్మ ఆరేసిన చీర మూడో రోజుకు కూడా ఆరలేదు. ఇదే సమయమని నిన్న అశోక్ నగర్ వెళ్లాను. గుమ్మంలోనే ముక్కుతో గట్టిగా పీల్చాను. అగరొత్తి వాసన వచ్చింది. బీరువా దగ్గరికి వెళ్లాను. ముద్ద చెక్కుచెదరలేదు. వాడు ఫోనెత్తడానికి లోపలికి పోయినప్పుడు తలుపు తీసి గోటితో గీశాను. పైన ఎర్రమన్ను పొడి రాలింది. కింద గోరు దిగలేదు. ఎత్తి నాలుకకు ఆనించాను. ఈసారి కోపం లేదు, అనుమానం మాత్రమే ఉంది. కాబట్టి నాలుక తన పని చేసింది.

అది రాయి. కోట్ల ఏళ్ల రాయి. ఒక పక్క ఆ జంతువు మింగిన చేప పొలుసు కూడా మెరుస్తోంది. నా పదకొండు డబ్బాల్లో దాని ముందు నిలిచేది ఒక్కటి లేదు.

నాకేం పంపావు? ఎందుకు పంపావు? వాడు నీకేమైనా ముట్టజెప్పాడా? నిజం రాయి. లేకపోతే ఈ డబ్బాలన్నీ మీ వాగులో పోసి, నీ ఇంటి ముందు నుంచే తిరిగి వస్తాను, నీ మొహం చూడను.

ఎల్లేశం


ఆసిఫాబాద్ పక్క నుంచి,
9 ఆగస్టు 1995

పూజ్యులైన అన్నకు,

ఇది నేనే రాస్తున్నాను. కుసుమ ముందు చెప్పే మాట కాదు. అక్షరాలు వంకరగా ఉంటే ఓర్చుకో.

వాడెవడూ నాకేమీ ఇవ్వలేదు. ఆ మాట రాసినందుకు నీకు తర్వాత సిగ్గు వేస్తుంది.

అన్నా, పెద్దముద్ద నా చేత కాలేదు. అంతే సంగతి. పేడ కలిపిన మన్ను ఎండేటప్పుడు గుంజుకుంటుంది. చిన్నవి తట్టుకున్నాయి. పెద్దది ప్రతిసారీ నడుమ పగిలింది. ఐదు చేశాను, ఐదూ పగిలాయి. చేతులు వణుకుతున్నాయి, మెలిక కుదరడం లేదు. ఈ తాలూకాలో నా కుండ పగిలిందన్న మాట ఎవరూ అనలేదు. దుర్గయ్యకు మట్టిముద్ద చేయడం కూడా రాలేదని నీకు ఎలా రాయను?

అంతకుముందు కార్తీకంలో వాగు ఒడ్డు కూలినప్పుడు ఒక రాయి బయటపడింది. చూడగానే నీకోసమే దాచాను. ఎప్పుడైనా వస్తే చేతిలో పెడదామనుకున్నాను. దాని మీదే ఎర్రమన్ను పూసి పంపాను. అందుకే తడి తగలనీయకు అన్నాను.

నేను అనుకున్నది ఇది. వాడు నాకి అసలుదే అంటాడు. నువ్వు బకెట్లో వేస్తావు. అది కరగదు. నువ్వు నన్ను తిట్టుకుంటావు. కానీ అంత జనం ముందు అంత మంచి రాయి తెచ్చినవాడిగా నిలబడతావు. ఈసారి ఆ రాయికి నీ పేరే పడుతుంది. ముప్పై రెండేళ్లుగా నీకు కావలసింది అదే కదా.

వాడు నీ పేరు రాస్తానంటే నువ్వు వద్దంటావని నాకేం తెలుసు?

నీ మార్చి ఉత్తరం చదివిన రోజు అన్నం ముట్టలేదు. అందుకే జవాబు రాయలేదు. వాడి దగ్గరికి వెళ్లి పేరు మార్చమని అడుగు. అడగడానికి తల వంచాలి, తెలుసు. అయినా అడుగు.

ఇట్లు,
తప్పు చేసిన తమ్ముడు
దుర్గయ్య


చిక్కడపల్లి,
21 ఆగస్టు 1995

ప్రియమైన తమ్ముడు దుర్గయ్యకు,

నీ ఉత్తరం రెండు రోజులు మడిచి దిండు కింద పెట్టుకున్నాను. మూడో రోజు అశోక్ నగర్ వెళ్లాను. వాడు ముట్టజెప్పాడా అని రాసినందుకు నాకు సిగ్గు వేసింది. ఆ ఒక్క మాట వెనక్కి తీసుకుంటున్నాను, మిగతావి తీసుకోను.

అడిగాను. జీవితంలో వాణ్ని మొదటిసారి అడిగాను. ఆ పెద్ద రాయి చీటీ మీద నా పేరు రాయండి సారూ అన్నాను. వాడు కళ్లజోడు తుడుచుకుంటూ, “మైకుల వద్దన్నది నువ్వే గదా ఎల్లేశం. పేపర్ల గూడ వచ్చింది. ఇప్పుడు మారిస్తే నా సంతకానికి ఇజ్జత్ ఏముంటది” అన్నాడు. కోపంగా అనలేదు. జర నవ్వుతూ అన్నాడు. పై అరలో నా మొదటి రాయి, దాని పక్కన నా రెండో రాయి. రెండింటి కిందా వాడి పేరే. మొదటిది వాడు తీసుకున్నాడు. రెండోది నేనే చేతులారా ఇచ్చాను, అదీ పగతో ఇచ్చాను. పగ వాడి బీరువా నింపింది.

లేవబోయాను. అప్పుడు జేబుకు చేయి తగిలింది. నువ్వు పంపిన రెండో చిన్నది రుమాల్లో కట్టి తెచ్చాను. ఎందుకు తెచ్చానో ఇంట్లో బయలుదేరేటప్పుడు నాకే తెలియదు. తీసి వాడి చేతిలో పెట్టాను. పోనీ సారూ, దీని మీదైనా నా పేరు రాయండి అన్నాను.

వాడికి నా మీద జాలి కలిగింది. జాలితోపాటు పాత అలవాటు ఉంది కదా. నాతో మాట్లాడుతూనే, ఏమీ ఆలోచించకుండా, నాలుక బయటపెట్టి దాన్ని ఆనించాడు. అంటుకుంది. కింద పడకుండా అలాగే ఒక క్షణం నిలిచింది కూడా. “అసలుదే. చేపది గాదు. చిన్న బల్లి జాతిది” అన్నాడు. అట్టముక్క తీసుకుని సిరా కలంతో, ‘పెంటరాయి. కనుగొన్నది: ఎల్లేశం, చిక్కడపల్లి’ అని రాసి కింద పూర్తి సంతకం పెట్టాడు.

సిరా ఆరే దాకా ఆగాను. చీటీ మడవకుండా పై జేబులో పెట్టుకున్నాను. తర్వాత రాజకుమారి అమ్మను ఒక గ్లాసు నీళ్లు అడిగాను. గాజు గ్లాసులో తెచ్చింది. వాడి చేతిలోంచి ముద్ద తీసుకుని అందులో వేశాను.

ముగ్గురమూ చూస్తూ నిలబడ్డాము. ముందు బుడగలు వచ్చాయి. నీళ్లు ఎర్రబడ్డాయి. ముద్ద విచ్చుకుంది. ఒక గడ్డిపోచ నెమ్మదిగా పైకి తేలి గ్లాసు అంచుకు ఆనింది. అప్పుడు వాసన వచ్చింది. ముసురు పట్టిన గదిలో వాసన ఎలా నిలుస్తుందో నీకు చెప్పనక్కర్లేదు.

వాడి మొహం నేను చచ్చే దాకా మరచిపోను. కుర్చీలోంచి లేచి బాత్రూములోకి పోయాడు. నల్లా నీళ్ల చప్పుడు, పుక్కిలించే చప్పుడు చాలాసేపు వినబడ్డాయి. రాజకుమారి అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, “ఏందిది అన్నా?” అని అడిగింది.

“సారు చెప్పిండు గదమ్మా, అసలుదే. మా దుర్గయ్య బర్రెది” అన్నాను.

ఆమె బాత్రూము వైపు ఒకసారి, గ్లాసు వైపు ఒకసారి చూసింది. క్యాంపులో నువ్వు కావడి దింపి నవ్వినట్టు నవ్వింది, తమ్మీ. గోడ పట్టుకుని నవ్వింది. నేను చెప్పులు వేసుకుని వచ్చేశాను. చిక్కడపల్లి దాకా వానలో నడిచాను, జేబు మీద చేయి అడ్డం పెట్టుకుని. చీటీ తడవలేదు.

ఇప్పుడు చీటీ నా దగ్గర ఉంది. వాడి చేతిరాత, వాడి సంతకం, నా పేరు. దాని మీద పెట్టడానికి రాయి ఒక్కటే లేదు. ఒడ్డు కూలిన చోట ఒకటి బయటపడిందంటే ఇంకోటి లోపల ఉంటుంది. వచ్చేవారం గురువారం మాసయ్య బస్సుకు వస్తున్నాను. పార సిద్ధం చేసి పెట్టు. మోకాళ్లు నొప్పి అని సాకులు చెప్పకు, ఒడ్డున కూర్చుని వేలితో చూపిస్తే చాలు.

బకెట్ నేనే తెస్తున్నాను. ఇక నీ చేతి నుంచి ఏది తీసుకున్నా ముందు నీళ్లలో ముంచుతాను, తర్వాతే నాలుక పెడతాను.

ఇట్లు,
నీ అన్న
పెంట ఎల్లేశం